వైఫై రిపేరు – మా నాయిన నేర్పిన పద్ధతి

(ఎమ్మెస్సీ ద్వితీయ సంవత్సరం, నల్లగొండ)



మన హాస్టల్ వార్షిక సంచికకు ఏదైనా రాయమన్నారు. కవిత్వం నాకు రాదు. అందుకే నాకు చేతనైన ఒక పని గురించి రాస్తున్నాను. లైనక్స్ వేసిన కంప్యూటర్‌లో వైఫై రాకపోతే ఏం చేయాలి అన్నదే విషయం.

ఇది కంప్యూటర్ చదివేవాళ్ల సంగతి, మనకెందుకు అనుకోవద్దు. స్కాలర్‌షిప్ దరఖాస్తు, ఎంట్రన్స్ ఫీజు, హాల్ టికెట్, ఉద్యోగ నోటిఫికేషన్ అన్నీ నెట్‌లోనే. చివరి తేదీ నాడు నెట్ రాకపోతే ఏడాది పోయినట్టే. పైగా మనలాంటి వాళ్ల చేతికి వచ్చేవి ఎక్కువగా సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్‌లు. 2025 అక్టోబరు 14న విండోస్ 10కు మామూలు మద్దతు ముగిసింది. విండోస్ 11 చాలా పాత మిషన్లలోకి ఎక్కదు. వాటిని మూలకు పడేయకుండా బతికించేది లైనక్స్.

1983లో రిచర్డ్ స్టాల్‌మన్ గ్నూ ప్రాజెక్టును ప్రకటించారు. 1991లో ఫిన్లాండ్‌లో లైనస్ టోర్వాల్డ్స్ అనే విద్యార్థి లైనక్స్ కెర్నెల్‌ను అందరికీ ఇచ్చాడు. అప్పుడు ఆయన వయసు 21, అంటే ఇప్పటి నాకన్నా రెండేళ్లు చిన్న. దీన్ని ఎవరైనా వాడుకోవచ్చు, విప్పి చూడవచ్చు, మార్చుకోవచ్చు. మన దగ్గర స్వేచ్ఛ సంస్థ దీన్ని తెలుగులోకి తెచ్చే పని చేసింది.

అన్నీ బాగున్నా, వైఫై దగ్గర మాత్రం చాలామంది ఆగిపోతారు. దానికి కారణం ఉంది. వైఫై చిప్పును నడపడానికి డ్రైవర్ అనే ప్రోగ్రాం కావాలి. చిప్పు లోపలికి ఎక్కించే ఫర్మ్‌వేర్ అనే మరో చిన్న ప్రోగ్రాం కూడా చాలా చిప్పులకు కావాలి. ఒకప్పుడు కొన్ని కంపెనీలు తమ చిప్పు ఎలా పనిచేస్తుందో బయటికి చెప్పేవి కావు. స్వచ్ఛంద ప్రోగ్రామర్లు ఆ చిప్పుల నడక గమనించి, సొంతంగా డ్రైవర్లు రాశారు. 2010లో బ్రాడ్‌కామ్ కంపెనీ కొన్ని చిప్పుల డ్రైవర్‌ను ఓపెన్ సోర్స్‌గా ఇచ్చింది. 2023లో వచ్చిన డెబియన్ 12 నుంచి, స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ కాని ఫర్మ్‌వేర్‌ను కూడా ఇన్‌స్టాల్ చేసే ఫైల్‌లోనే కలిపి ఇస్తున్నారు. అయినా కొన్ని చిప్పులకు ఇప్పటికీ విడిగా వేసుకోవాల్సిందే.

ఇక రిపేరు సంగతి. ఇది నాకు నేర్పింది మా నాయిన. ఆయన కంప్యూటర్ ముట్టలేదు, బడికి పోలేదు. మాది పాలమూరు జిల్లాలో మెట్ట పొలం, ఒక్క బోరు మీద బతుకు. మోటరు నడవకపోతే పక్కవాళ్లు "కాలిపోయింది, బయటికి గుంజాలె" అంటారు. గుంజితే ఆ కూలి, ఆ కిరాయి కలిసి ఆ పంట లాభం పోతుంది. మా నాయిన మాత్రం తొందరపడడు. "కరెంటు కాన్నుంచి మొదలువెట్టాలె రా" అంటాడు. బల్బుకు తీగలు కట్టి మూడు ఫేజులూ వస్తున్నాయా చూస్తాడు. తర్వాత ఫీజులు, తర్వాత స్టార్టర్ డబ్బా, తర్వాత కేబుల్ జాయింటు. ఇవన్నీ బాగుంటేనే మోటరు మీద అనుమానం. ఎక్కువసార్లు మోటరు దాకా పోకుండానే నీళ్లు పోసేవి.

వైఫైని కూడా అదే వరసలో చూడాలి.

మొదటిది, చిప్పు ఉన్నదా? టెర్మినల్ తెరిచి ఎల్ఎస్‌పీసీఐ అని కొడితే లోపలున్న కార్డుల పేర్లు వస్తాయి. యూఎస్‌బీ అడాప్టర్ అయితే ఎల్ఎస్‌యూఎస్‌బీ. అందులో పేరు కనిపిస్తే కంప్యూటర్ ఆ కార్డును గుర్తుపట్టినట్టే.

రెండోది, స్విచ్ ఆఫ్‌లో ఉన్నదా? ఆర్ఎఫ్‌కిల్ లిస్ట్ అని కొట్టాలి. సాఫ్ట్ బ్లాక్ అంటే సాఫ్ట్‌వేర్ ఆపింది, కమాండ్‌తో తీయవచ్చు. హార్డ్ బ్లాక్ అంటే ల్యాప్‌టాప్ పక్కనున్న స్విచ్చో, కీబోర్డు మీది బటనో ఆపింది. దాన్ని చేత్తోనే తీయాలి.

మూడోది, డ్రైవర్, ఫర్మ్‌వేర్ ఎక్కాయా? డీమెసేజ్ అని కొడితే కంప్యూటర్ తన రోజంతటి సంగతులు చెబుతుంది. అందులో ఫర్మ్‌వేర్ అన్న మాట వెతకండి. ఏ ఫైల్ దొరకలేదో పేరుతో సహా రాసి ఉంటుంది.

నాలుగోది, సిగ్నల్ కలిసినా సైట్లు తెరుచుకోకపోతే కాలేజీ వైఫైకి లాగిన్ పేజీ ఉందేమో చూడండి. గడియారం కూడా చూడండి. పాత ల్యాప్‌టాప్‌లో లోపలి చిన్న బ్యాటరీ అయిపోతే తేదీ ఏళ్ల వెనక్కి పోతుంది. అప్పుడు సెక్యూరిటీ సర్టిఫికెట్లు చెల్లవని బ్రౌజర్ సైట్లను ఆపేస్తుంది. తేదీ సరిచేస్తే చాలు.

నా ల్యాప్‌టాప్ పత్తి అమ్మిన పైసల్లో కొన్నది. లైనక్స్ వేయగానే వైఫై గుర్తే మాయమైంది. ఒక దుకాణంలో చూపిస్తే "కార్డు పోయింది, కొత్తది వేయాలె, పదిహేను వందలు" అన్నారు. స్కాలర్‌షిప్ రెన్యువల్‌కు రెండు రోజులే ఉంది. నాతోపాటు మరో నలుగురు తమ్ముళ్ల దరఖాస్తులు కూడా ఆ మిషన్ మీదే చేయాలి. ఆ రాత్రి నాయిన వరస పట్టాను. ఎల్ఎస్‌పీసీఐలో కార్డు పేరు కనిపించింది. అంటే కార్డు పోలేదు. బ్లాక్ లేదు. డీమెసేజ్‌లో ఫర్మ్‌వేర్ ఫైల్ దొరకలేదని ఉంది.

నెట్ ఉంటేనే ఫర్మ్‌వేర్ దిగుతుంది, ఫర్మ్‌వేర్ ఉంటేనే నెట్ వస్తుంది. ఈ చిక్కుకు దారి మన జేబులోనే ఉంది. ఫోన్‌ను కేబుల్‌తో కలిపి యూఎస్‌బీ టెథరింగ్ పెడితే, వైఫైతో పని లేకుండానే ఫోన్ నెట్ కంప్యూటర్‌కు వస్తుంది. ఫర్మ్‌వేర్ ప్యాకేజీ దింపి, రీస్టార్ట్ చేస్తే హాస్టల్ చుట్టుపక్కల వైఫై పేర్లన్నీ వరసగా వచ్చాయి. ఖర్చయింది కాస్త మొబైల్ డేటా. మర్నాడు ఐదు దరఖాస్తులూ పంపించాం.

ఇంటికి ఫోన్ చేసి చెబితే నాయిన అంతా విని ఒకటే అడిగాడు: "మోటరు గుంజకుండనే అయిందా?" అయింది అన్నాను.

మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాణ్ణి నేను. మనలాంటి వాళ్లకు తెలియదన్న ధైర్యంతోనే ఎవరైనా ఏ రేటైనా చెబుతారు. తెర మీద ఇంగ్లీషులో ఎర్రర్ రాగానే మనం భయపడతాం. అది తిట్టు కాదు తమ్ముళ్లారా, ఎక్కడ ఆగిందో చెప్పే మాట. ఒక్కో పదం డిక్షనరీలో చూసుకున్నా పది నిమిషాల పనే.

మా రూములో ఒక నోట్‌బుక్ పెట్టాను. ఏ ల్యాప్‌టాప్, ఏ చిప్పు, ఏం చేస్తే వచ్చింది అని తేదీతో రాస్తున్నాం. ఇప్పటికి పదకొండు మిషన్లు అయ్యాయి. ఈ ఏడాదితో నా చదువు అయిపోతుంది, నోట్‌బుక్ మాత్రం ఇక్కడే ఉంటుంది. పన్నెండోది మీరు రాయండి.