ఎయిర్‌పోర్టుకు ఎవరొస్తారు?



ఈసారి పుస్తకం గురించి కాదు, విమానం టికెట్ గురించి రాస్తున్నాను. నవ్వుకోవద్దు.

శింగనమల ఎస్సీ కాలనీ నుంచి వచ్చి నా దగ్గర డిగ్రీ చదివిన ఒక అమ్మాయికి అమెరికాలో ఎమ్మెస్ సీటు వచ్చింది. చదివింది కంప్యూటర్స్, కానీ రెండో భాష తెలుగు కాబట్టి నా విద్యార్థే. వాళ్ళ నాయన బెంగళూరులో సెంట్రింగ్ పని చేస్తాడు. అమ్మ ఉపాధి పనికి పోతుంది, చెనక్కాయల కాలంలో కాయలు వొలుస్తుంది. ఆ ఇంట్లో ఇంతవరకూ ఎవరూ విమానం ఎక్కలేదు. బ్యాంకు లోను వచ్చాక, వీసా పనుల నుంచి టికెట్ దాకా పదిపన్నెండు సాయంత్రాలు ఆ అమ్మాయి, నేను, ఒక ల్యాప్‌టాప్ కూర్చున్నాం. కన్సల్టెన్సీవాళ్ళు అన్నీ మేమే చూస్తామన్నారు. చూడనివ్వలేదు. ఎందుకో చెప్తాను.

మొదటి చిక్కు పేరు దగ్గరే వచ్చింది. పదో తరగతి మెమోలో ఆ అమ్మాయికి ఒక్క పేరే ఉంది, ఇంటిపేరు లేదు. పాస్‌పోర్టులో కూడా సర్‌నేమ్ గడి ఖాళీ. మన కాలనీల్లో ఇది మామూలే. బళ్ళో చేర్చుకునేటప్పుడు రిజిస్టర్‌లో కులం గడి తప్పకుండా నింపుతారు, ఇంటిపేరు అడగరు. అదే పిల్ల పెద్దదై టౌనులో ఇల్లు అద్దెకు అడగబోతే మొదటి ప్రశ్న ఇంటిపేరే. అప్పుడు వాళ్ళకు కావాల్సింది ఇంటిపేరు కాదని మనకందరికీ తెలుసు.

అమెరికా వాళ్ళ లెక్క వేరు. పాస్‌పోర్టులో సర్‌నేమ్ లేకపోతే, ఉన్న ఒక్క పేరునూ వీసా మీద సర్‌నేమ్‌గా రాసి, అసలు పేరు ఉండాల్సిన చోట 'ఎఫ్‌ఎన్‌యూ' అని వేస్తారు. అంటే 'మొదటి పేరు తెలియదు' అని. ఆ తర్వాత బ్యాంకు ఖాతాలో, డ్రైవింగ్ లైసెన్సులో, కాలేజీ హాజరు పట్టీలో అదే పేరై కూర్చుంటుంది. టికెట్ బుక్ చేసేటప్పుడు రెండు గడులూ నింపితే గానీ ముందుకు పోదు. ఒక విమాన కంపెనీ ఒకరకంగా నింపమంటుంది, ఇంకోటి ఇంకోరకంగా. టికెట్ మీద పేరు, పాస్‌పోర్టు మీద పేరు ఒకటి కాకపోతే కౌంటర్ దగ్గరే ఆగిపోవాలి. ఇది ఎమ్మెస్ పిల్లల బాధే అనుకోవద్దు. 2022 నవంబరు నుంచి యూఏఈ కూడా పాస్‌పోర్టులో ఒక్క పేరే ఉన్నవాళ్ళను విజిట్ వీసా మీద రానివ్వనంది. కడప నుంచి, మన జిల్లా నుంచి గల్ఫ్ ఇళ్ళల్లో పనికి పోయే ఆడవాళ్ళను అడగండి, పేరు ఎంత బరువో చెప్తారు.

కాబట్టి మొదట చేసిన పని టికెట్ కాదు, పాస్‌పోర్టు రీఇష్యూ. పేరును రెండుగా విడగొట్టి, వాళ్ళ నాయన ఇంటిపేరు సర్‌నేమ్ గడిలో పెట్టించాం. వీసా దరఖాస్తు డీఎస్-160 నింపకముందే ఇది అయిపోవాలి. తర్వాతైతే ఖర్చు రెండింతలు, తిప్పలు మూడింతలు. ఇంటర్మీడియట్ చదివే పిల్లలు ఉంటే ఈ పేరా వాళ్ళకు పంపండి.

ఇక దారి. మాకు అనంతపురం నుంచి బెంగళూరు విమానాశ్రయం దగ్గర. హైదరాబాదు దానికి దాదాపు రెట్టింపు దూరం. దేవనహళ్ళి 44వ జాతీయ రహదారి పక్కనే, బెంగళూరు ఊరు ఇంకా రాకముందే తగులుతుంది కాబట్టి సిటీలోకి పోయి వెనక్కి రావాల్సిన పని లేదు. మధ్యలో పుట్టపర్తిలో కూడా విమానాశ్రయం ఉంది. 1990 నుంచీ ఉంది. అక్కడ దిగినవాళ్ళు వేరే, మనకు మాత్రం టికెట్టు అమ్మే రోజువారీ విమానం లేదు. కరువు పీఠభూమి మీద రన్‌వే ఉండి, ఎక్కడానికి విమానం లేకపోవడం మా జిల్లాకు తగిన విషయమే.

కన్సల్టెన్సీ చూపించిన టికెట్ చవక. బెంగళూరు నుంచి చికాగో ఒక టికెట్, చికాగో నుంచి కాన్సాస్ సిటీ ఇంకో కంపెనీలో విడిగా ఇంకో టికెట్. మొత్తం మీద 14 వేలు తక్కువ. ఆ ఇంట్లో 14 వేలంటే ఏమిటో నాకు తెలుసు. అయినా వద్దన్నాను.

కారణం ఇది. అమెరికాలో మొదట ఏ ఊళ్ళో దిగితే అక్కడే ఇమ్మిగ్రేషన్. అక్కడే పెట్టెలు బెల్టు మీంచి తీసుకుని, కస్టమ్స్ దాటించి, మళ్ళీ అప్పగించాలి. చివరి ఊరి పేరు ట్యాగ్ మీద ఉన్నా సరే. విద్యార్థి వీసాల లైను ఆ రోజుల్లో ఎంత పొడుగుంటుందో ఎవరూ చెప్పలేరు. రెండు టికెట్లు విడివిడిగా ఉంటే, మొదటి విమానం ఆలస్యమైనా, లైనులో ఇరుక్కున్నా రెండో కంపెనీకి సంబంధం లేదు. టికెట్ పోయినట్టే. అప్పటికప్పుడు కొత్త టికెట్ కొనాలంటే ఆ 14 వేలు ఏ మూలకూ రావు. ఒకే టికెట్ అయితే తర్వాతి విమానంలో ఎక్కించే బాధ్యత కంపెనీదే. సామాను సంగతీ అంతే. ఇక్కడి నుంచి 23 కిలోల పెట్టెలు రెండు ఒప్పుకునే టికెట్ అయితే, ఒకే బుకింగ్ మీద ఆ లెక్కే చివరి ఊరి దాకా నడుస్తుంది. విడిగా కొంటే అక్కడి లోకల్ విమానాలు పెట్టెకింత అని వసూలు చేస్తాయి, కొన్ని చేతిసంచీకి కూడా.

చివరికి అబుదాబి మీదుగా చికాగో, అక్కడి నుంచి కాన్సాస్ సిటీ, అంతా ఒకే బుకింగ్‌లో తీసుకున్నాం. అబుదాబిలో ఒక సౌకర్యం ఉంది. 2014 నుంచి అమెరికా అధికారులే అక్కడ కూర్చుని ఇమ్మిగ్రేషన్, కస్టమ్స్ పూర్తి చేస్తారు. చికాగోలో దిగేసరికి లోపలి ప్రయాణికురాలు కింద లెక్క. అబుదాబిలో అయిదు గంటలు, చికాగోలో నాలుగు గంటలు ఖాళీ పెట్టించాను. తక్కువ ఖాళీ ఉన్న విమానాలు చూడ్డానికి ముద్దుగా ఉంటాయి. మొదటిసారి ఎక్కేవాళ్ళకు, ఇంగ్లీషులో ఎవరినైనా అడగడానికి రెండుసార్లు ఆలోచించే మన పిల్లలకు అవి పనికిరావు. ఇంకో సంగతి, చివరి ఊళ్ళో మధ్యాహ్నం దిగేటట్టు చూడండి, అర్ధరాత్రి కాదు. అమెరికా ప్రధాన భూభాగంలోనే నాలుగు టైములు ఉన్నాయి. టికెట్ మీద రాసేది ఏ ఊరి గంట ఆ ఊరిదే. కాన్సాస్ సిటీ వేసవిలో మనకంటే పదిన్నర గంటలు వెనక, చలికాలంలో పదకొండున్నర.

తేదీ విషయంలో కూడా ఒక మాట. ఐ-20 కాయితంలో రాసిన తరగతుల తేదీకి 30 రోజులకంటే ముందు ఎఫ్-1 వీసా మీద లోపలికి రానివ్వరు. చవక టికెట్ దొరికిందని నెలన్నర ముందు కొనేయొద్దు. ఆ ఐ-20 చేతిసంచీలో ఉండాలి, పెట్టెలో కాదు.

ఇవన్నీ రెండు మూడు సాయంత్రాల్లో తేలిపోయాయి. తేలనిది ఒక్కటే మిగిలింది. దాన్ని వాళ్ళమ్మ అడిగింది. "అంతా బాగుండాది సార్. దిగినాక నా బిడ్డ కోసరం ఆడికి ఎవురొస్తారు?"

ఆ ప్రశ్న వినగానే నాకు మసూర్ స్టేషన్ గుర్తొచ్చింది. 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా' చదివినవాళ్ళకు తెలుసు. 1901లో చిన్న భీమ్‌రావు, అన్న, అక్క కొడుకులు కోరేగావ్‌లో ఉద్యోగం చేస్తున్న నాన్న దగ్గరికి సెలవులకు బయల్దేరారు. కొత్త బట్టలు వేసుకున్నారు. మొదటిసారి రైలెక్కారు. నాన్నకు ముందే ఉత్తరం రాశారు. మసూర్‌లో దిగితే ఎవరూ రాలేదు, ఉత్తరం ఆయనకు అందించాల్సిన మనిషి మరిచిపోయాడు కాబట్టి. స్టేషన్ మాస్టరు మంచిగానే పలకరించాడు, మహర్లమని వినేదాకా. ఆ తర్వాత ఏ బండివాడూ ఎక్కించుకోలేదు. రెండింతల కిరాయిచ్చి, పిల్లలే బండి తోలుకుంటూ, బండివాడు పక్కన నడుస్తూ, దారంతా మంచినీళ్ళు లేకుండా రాత్రంతా గడిపారు. ఆ పిల్లల ప్రయాణంలో ప్లాను తప్పు లేదు. టికెట్ సరిగ్గానే ఉంది, రైలు వచ్చింది. స్టేషన్ బయట ఒక మనిషి లేకపోవడంతో కులం చేతికి చిక్కారు. ఆయన ఆ జ్ఞాపకాల మొదటి అధ్యాయంగా దీన్నే ఎందుకు పెట్టాడో, ఈ తల్లి అడిగిన రోజు నాకు ఇంకాస్త అర్థమైంది.

అమెరికాలో బండివాడు ఎక్కించుకుంటాడు. ఊబర్ డ్రైవరు మహర్వా అని అడగడు. అడిగేది మనవాళ్ళే. కాన్సాస్ సిటీ నుంచి ఆ కాలేజీ ఊరు గంటన్నర దారి. పికప్ కోసం తెలుగు విద్యార్థుల వాట్సాప్ గ్రూపులో ఈ అమ్మాయి మెసేజ్ పెట్టింది. ఒకాయన వెంటనే ఫోన్ చేశాడు. చాలా మర్యాదగా మాట్లాడాడు. ఏ ఊరమ్మా, ఊళ్ళో ఎక్కడ, మీ ఇంటిపేరు ఏంటి, నాన్నగారు ఏం చేస్తారు. మరుసటి రోజు నుంచి మెసేజ్‌కు జవాబు లేదు. రూమ్‌మేట్ల కోసం అడిగితే 'ప్యూర్ వెజ్ మాత్రమే' అని నలుగురు. అందులో ఒకమ్మాయి ఫొటోల్లో కోడి పలావు తింటూనే ఉంది, కాబట్టి ఆ మాట కూర గురించి కాదు. మేం కష్టపడి పాస్‌పోర్టులో చేర్పించిన ఇంటిపేరు ఆ ఫోన్‌లో ఎందుకు పనికొచ్చిందో చూశారుగా.

సియాటిల్ నగరం 2023 ఫిబ్రవరి 21న కులవివక్షను నిషేధిస్తూ చట్టం చేసింది. అదే ఏడాది అక్టోబరులో కాలిఫోర్నియా గవర్నర్ న్యూసమ్ ఎస్‌బీ 403 బిల్లును వీటో చేశాడు, ఉన్న చట్టాలే చాలునని. ఫోన్ ఎత్తని మనిషి మీద ఏ చట్టమూ పనిచేయదు, నిజమే. కానీ కులం ఆ దేశంలో దిగిందని ఒక నగరం రాతపూర్వకంగా ఒప్పుకోవడం చిన్న విషయం కాదు.

అప్పుడు మనవాళ్ళ వైపు తిరిగాం. అంబేడ్కర్ అసోసియేషన్ ఆఫ్ నార్త్ అమెరికా లాంటి సంఘాలు, కాలిఫోర్నియాలో అంబేడ్కర్ కింగ్ స్టడీ సర్కిల్ లాంటి బృందాలు ఉన్నాయి. మేరీలాండ్‌లోని అకోకీక్‌లో 2023 అక్టోబరు 14న 19 అడుగుల అంబేడ్కర్ విగ్రహం నిలబెట్టింది కూడా ఇలాంటి వాళ్ళే. ఒక మిత్రుడి ద్వారా ఇంకో మిత్రుడు, ఆయన ద్వారా కాన్సాస్ సిటీలో ఉద్యోగం చేసే ఒక తెలుగు అక్క దొరికింది. ఆమె అడిగిన మొదటి ప్రశ్న "ఫ్లైట్ నంబరెంత?"

డబ్బు గురించి క్లుప్తంగా. కేంద్రం ఇచ్చే నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్‌లో దగ్గరి దారిలో ఎకానమీ టికెట్ ఖర్చు కూడా ఇస్తారు. కానీ దేశం మొత్తానికి సీట్లు 125. పైగా 2022 నిబంధనల్లో భారతీయ సంస్కృతి, చరిత్ర, భారత సమాజం మీద చదువులను తీసేశారు. అంటే మన పిల్ల కంప్యూటర్లు చదవొచ్చు. కులం మీద పరిశోధన చేయడానికి కొలంబియా పోతానంటే మాత్రం ఆ డబ్బు రాదు. 1913లో బరోడా మహారాజు స్కాలర్‌షిప్ మీద న్యూయార్కు పోయిన విద్యార్థి అక్కడ రాసిన వ్యాసాల్లో ఒకటి భారతదేశంలో కులాల పుట్టుక మీదే. ఈ నిబంధన అప్పుడుంటే ఏమయ్యేదో మీరే ఆలోచించుకోండి.

ఆ విద్యార్థి సామాను సంగతి కూడా తెలుసుకోదగ్గది. 1917లో తిరిగొచ్చేటప్పుడు ఆయన ఒక ఓడలో, పుస్తకాల పెట్టెలు ఇంకో ఓడలో. యుద్ధకాలం. పెట్టెలున్న ఓడను టార్పెడో ముంచేసింది. కాయితాలు ఎప్పుడూ వొంటి మీదే ఉండాలని ఈ అమ్మాయికి ఈ కథే చెప్పాను. ముఖ్యమైనవన్నీ ఫోన్‌లో, మెయిల్లో, ఇంకో కాపీ నా దగ్గర.

ఉద్యమ మిత్రులు గమనించాల్సింది ఇంకొకటి. 2025 జూన్ నుంచి ఎఫ్, ఎం, జె వీసాలకు దరఖాస్తు చేసేవాళ్ళు సోషల్ మీడియా ఖాతాలను అందరికీ కనిపించేలా తెరిచి పెట్టాలి. రోహిత్ వేముల మీద పెట్టిన పోస్టు తీసేయాలా సార్ అని అడిగింది. తీయొద్దన్నాను, నిర్ణయం నీదే అని కూడా అన్నాను. వాళ్ళ నాయన తెచ్చిన అప్పుల మీద నేను వీరత్వం చూపించకూడదు. తను తీయలేదు. ఇంటర్వ్యూలో దాని ఊసే రాలేదు.

తెలుగు పంతుల్ని కాబట్టి ఒక్కమాట ఉండబట్టలేక. మన సాహిత్యంలో ఆకాశమార్గాన ప్రయాణం ప్లాను చేసిన మొదటి దళితుడు జాషువా 'గబ్బిలం'లో ఉన్నాడు, 1941లో. గుడిలోకి తనను రానివ్వరు, గబ్బిలాన్ని ఎవరూ ఆపరు కాబట్టి దారి చెప్పి దాన్ని కైలాసానికి పంపాడు. ఈ అమ్మాయికి డిగ్రీలో ఆ పాఠం నేనే చెప్పాను. ఇప్పుడు "సార్, దానికి ట్రాన్సిట్ లేదు కదా" అంటోంది.

మిగిలింది సామాను సర్దడం. వాళ్ళమ్మ ఒట్టి తునకలు ఎండబెట్టి పెట్టింది, బిడ్డకు ఇష్టమని. మన దేశం నుంచి ఇలా ఇంట్లో ఎండబెట్టిన మాంసం అమెరికాలోకి రానివ్వరు. పశువుల గాళ్ళ రోగం భయం. ఇక్కడ ఆవు పేరుతో, అక్కడ రోగం పేరుతో, మన కూర ఎక్కడా సరిహద్దు దాటదు. చెప్తే ఆమె కొంచెంసేపు మాట్లాడలేదు. చెనక్కాయల పొడి పోనిస్తారు, పెద్ద పెట్టెలో పెట్టాలి. చేతిసంచీలో 350 మిల్లీలీటర్ల కంటే ఎక్కువ పొడి ఉంటే విప్పి చూస్తారు. తెచ్చిన తిండి ఏదైనా ఫారంలో ఉందని చెప్పేయాలి.

విమానంలో భోజనం ఎంచుకునే గడి దగ్గర 'హిందూ మీల్' అని ఒకటి ఉంది. చూసి ఇద్దరం ఆగాం. అదేం నొక్కకుండా, అందరికీ ఇచ్చేదే తనకూ పెట్టమని వదిలేసింది.

విమానం తెల్లవారుజామున నాలుగింటికి. అనంతపురం బస్టాండులో సాయంత్రం ఆరింటి బస్సు. వాళ్ళమ్మ, నాయన, కాలనీ నుంచి ఇంకో పదకొండు మంది దేవనహళ్ళి దాకా వస్తామంటున్నారు. లోపలికి రానివ్వరని చెప్పాను. గేటు దాకైనా వస్తామన్నారు.