ఓటమి ఎరగని జట్లు

పిల్లలూ, ఒక రూపాయి బిళ్ళను పైకి ఎగరేసి చూడండి. బొమ్మ పడవచ్చు, బొరుసు పడవచ్చు. వరసగా రెండుసార్లు బొమ్మ పడితే ఎవరూ ఆశ్చర్యపోరు. అయిదుసార్లు పడితే పక్కనున్నవాడు, "ఏదీ, ఆ బిళ్ళ ఇలా తే!" అంటాడు. పదిసార్లు పడితే నలుగురూ చేరి దాన్ని తిప్పి తిప్పి చూస్తారు. మరి 111 సార్లు పడితే?

బిళ్ళతో అలా జరగటం నేనెన్నడూ వినలేదు. కాని బాస్కెట్‌బాల్ ఆటలో వరసగా 111 సార్లు గెలిచిన అమ్మాయిలు ఉన్నారు. వాళ్ళ సంగతి మీకు చెబుతాను.

అమెరికా దేశానికి ఈశాన్య మూల కనెక్టికట్ అనే చిన్న రాష్ట్రం ఉంది. ఆ రాష్ట్రపు విశ్వవిద్యాలయం స్టోర్స్ అనే చిన్న ఊళ్ళో ఉన్నది. 1985లో జీనో ఆరియెమా అనే యువకుడు అక్కడి ఆడపిల్లల జట్టుకు శిక్షకుడుగా వచ్చాడు. ఆయన ఇటలీలో పుట్టి, ఏడేళ్ళ వయసులో అమెరికా చేరినవాడు. ఆయనతోబాటే సహాయకురాలుగా క్రిస్ డెయిలీ అనే ఆవిడ చేరింది. అప్పటికి ఆ జట్టుకు పేరూ లేదు, ప్రతిష్ఠా లేదు. ఓటముల కంటే గెలుపులు ఎక్కువగా ఉన్న సంవత్సరం దాని చరిత్ర మొత్తానికీ ఒక్కటే ఒక్కటి!

అటువంటి జట్టు క్రమంగా ఎంత దూరం వచ్చిందో చూడండి. 2014 నవంబరు 17న అది స్టాన్‌ఫర్డ్ జట్టు చేతిలో, అదనపు సమయం ఆడి మరీ, 88-86తో ఓడిపోయింది. ఆ తరవాత 2017 మార్చి ఆఖరు దాకా మళ్ళీ ఓడలేదు. మొదటి ఏడు మిగిలిన 37 ఆటలూ గెలిచింది. రెండో ఏడు 38కి 38 గెలిచింది. మూడో ఏడు మరొక 36. కూడండి: 111.

ఇందులో నాకు అన్నిటికంటే వింతగా తోచే సంగతి ఒకటుంది. కళాశాల జట్టు మన ఊరి మర్రిచెట్టులాటిది కాదు, నిలిచి ఉండటానికి. ఆ దేశంలో ఒక విద్యార్థిని మామూలుగా నాలుగేళ్ళు ఆడి, చదువు ముగించుకుని వెళ్ళిపోతుంది. ప్రతి ఏడూ పాతవాళ్ళు పోతారు, కొత్తవాళ్ళు వస్తారు. 2016లో 75 గెలుపుల దగ్గర ఉండగా ఆ జట్టులో ముగ్గురు మేటి ఆటకత్తెలు వెళ్ళిపోయారు. వారిలో బ్రియానా స్టూవర్ట్ ఆరడుగుల నాలుగంగుళాల పొడగరి. నాలుగేళ్ళు ఆడి, నాలుగేళ్ళూ తన జట్టుకు జాతీయ విజేత బిరుదు తెచ్చిన మనిషి. మిగిలిన ఇద్దరూ మొరయా జెఫర్‌సన్, మోర్గన్ టక్. ఆ ఏడు వృత్తి జట్లు కొత్తవారిని ఎంచుకునేటప్పుడు మొదటి మూడు స్థానాలూ ఈ ముగ్గురికే దక్కాయి. ఇంత బలం ఒక్కసారిగా పోయాక ఇంకేం గెలుస్తారని లోకం అనుకున్నది. మిగిలిన పిల్లలు మరో 36 ఆటలు గెలిచారు!

అయితే అది నల్లేరు మీద బండి నడకలాగా సాగలేదు. ఆ మూడో ఏడు మొదటి ఆటలోనే ఫ్లారిడా స్టేట్ జట్టు మీద 78-76తో, అంటే రెండే పాయింట్లతో బయటపడ్డారు. 2017 ఫిబ్రవరిలో టులేన్ జట్టు మీద 63-60. మొత్తం 111 ఆటల్లో తేడా పది పాయింట్ల కంటే తగ్గినవి మూడంటే మూడే. మిగతా 108 ఆటల్లోనూ ఎదుటివాళ్ళకు ఊపిరి సలపలేదు.

వీళ్ళ సాధనలో ఒక తమాషా ఉంది. సాధన వేళ వీళ్ళకు ప్రత్యర్థులుగా ఆ విశ్వవిద్యాలయంలోనే చదివే మగపిల్లలు కొందరు వస్తారు. పొడుగులో, వేగంలో తమను మించినవాళ్ళతో రోజూ తలపడిన ఆడపిల్లలకు, అసలు ఆటలో ఎదురయ్యే జట్టు అంత భయంకరంగా కనిపించదు మరి! ఆ కుర్రాళ్ళ పేర్లు పత్రికల్లోకి రావు. 111లో వాళ్ళ వాటా ఎంతో ఎవరు లెక్క కడతారు?

లెక్క అంటే గుర్తుకొచ్చింది. కాగితమూ పెన్సిలూ తీసుకోండి. ఒక జట్టు చాలా గట్టిదనీ, నూరు ఆటలాడితే 95 గెలవగలదనీ అనుకుందాం. అది ఒక ఆట గెలిచే అవకాశం నూటికి 95. వరసగా రెండు గెలవాలంటే 95ను 95తో గుణించి నూరుతో భాగించాలి: నూటికి 90 చిల్లర. పది ఆటలు వరసగా గెలిచే అవకాశం అప్పుడే నూటికి 60కి దిగిపోతుంది. అలా గుణించుకుంటూ 111 దాకా వెళితే ఏమవుతుందో తెలుసా? అంత గట్టి జట్లు 300 ఉంటే, వాటిలో ఏదో ఒకటి మాత్రమే గట్టు చేరుతుంది! పోనీ, నూటికి 99 గెలిచే జట్టు అనుకుందాం. అటువంటి జట్టుకు కూడా 111 ఆటలు దాటే అవకాశం మూడింట ఒక వంతే. ఒక్కొక్క ఆటలో కనిపించని ఆ ఒక్క పాలు భయం, ఆటలు పెరిగేకొద్దీ చీమలు పెట్టిన పుట్టలాగా పెరిగిపోతుంది.

నిజంగా అన్ని ఆటలూ ఒక్కలాగే ఉండవనుకోండి. బలహీనుల మీద గెలుపు సులువు. అసలు ఒకే జట్టు ఇలా గెలవటం ఆటకు మంచిది కాదని సణిగినవాళ్ళు కూడా ఉన్నారు. నాకు ఆ మాట నచ్చదు. బాగా ఆడేవాణ్ణి కాస్త తగ్గి ఆడమనటం కంటే, మిగతావాళ్ళు ఇంకాస్త ఎక్కి ఆడటం మేలు. సరిగా అదే జరిగింది కూడా.

2016 మార్చిలో కనెక్టికట్ జట్టు మిసిసిపీ స్టేట్ జట్టును 98-38తో ఓడించింది. తేడా అరవై! అంత ఘోరంగా ఓడినవాళ్ళు మామూలుగా ఆ పేరు వింటేనే పక్కకు తప్పుకుంటారు. కాని ఏడాది తిరిగేసరికి, 2017 మార్చి 31న, టెక్సస్ రాష్ట్రంలో డాలస్ నగరంలో, జాతీయ పోటీ సెమీఫైనల్లో ఆ రెండు జట్లే మళ్ళీ ఎదురుపడ్డాయి.

ఈసారి మిసిసిపీ పిల్లలు మొదటినుంచే విరుచుకుపడ్డారు. ఒక దశలో పదహారు పాయింట్లు ముందుకు వెళ్ళారు. కనెక్టికట్ వాళ్ళు తక్కువవాళ్ళా? ఒక్కొక్కటే పూడ్చుకుంటూ వచ్చి 60-60 చేశారు. ఆఖరి క్షణంలో మిసిసిపీ జట్టులో అందరికంటే పొట్టి పిల్ల, అయిదడుగుల అయిదంగుళాల మోర్గన్ విలియమ్ బంతి విసరబోయింది. గాబీ విలియమ్స్ అనే ప్రత్యర్థి ఎగిరి దాన్ని ఆపేసింది. (పేర్లు తికమకగా ఉన్నాయి గాని జాగ్రత్తగా చదవండి: విసిరినది విలియమ్, ఆపినది విలియమ్స్.) ఆట అదనపు సమయంలోకి వెళ్ళింది.

అక్కడా సమానమే: 64-64. గడియారంలో ఇంక కొద్ది క్షణాలే ఉన్నాయి. బంతి మళ్ళీ మోర్గన్ విలియమ్ చేతికే వచ్చింది. ఎదురుగా మళ్ళీ గాబీ విలియమ్సే. ఇందాక ఆపేసిన చెయ్యే మళ్ళీ పైకి లేచింది. పొట్టి పిల్ల కుడివైపు కొంచెం జరిగి, ఎగిరి, ఆ చేతి మీదుగా బంతిని వదిలింది. బంతి గాలిలో ఉండగానే సమయం అయిపోయింది. అది తిన్నగా వెళ్ళి వలలో పడింది. 66-64! నూట పదకొండు దగ్గర లెక్క ఆగిపోయింది.

ఓడిన శిక్షకుడు ఆరియెమా మొహంలో ఆ క్షణాన ఒక చిరునవ్వు కనిపించింది. ఆ దృశ్యాన్ని లక్షలమంది టెలివిజన్‌లో చూశారు. ఆ నవ్వుకు ఎవరికి తోచిన అర్థం వాళ్ళు చెప్పుకున్నారు. మంచి విద్వాంసుడికి ఎదుటివాడి పాట బాగుంటే తల దానంతట అదే ఊగుతుంది గదా, అలాటిదేనని నా ఉద్దేశం. ఇక మిసిసిపీ జట్టు మాట చెప్పాలంటే, ఇంత ఘనకార్యం చేసీ బిరుదు గెలవలేదు. రెండు రోజుల తరవాత ఫైనల్లో సౌత్ కారొలైనా జట్టు చేతిలో 67-55తో ఓడిపోయింది.

ఇలాటి రికార్డులు మరికొన్ని ఉన్నాయి. టెనెసీ జట్టు ఆడపిల్లల జాతీయ పోటీ మొదలైన 1982 నుంచి 2025 దాకా ఒక్కసారీ తప్పకుండా ఆ పోటీకి అర్హత పొందింది. కనెక్టికట్ జట్టే మరో వింత చేసింది, నాకు 111 కంటే ఇదే ఇష్టం: 1993 మార్చి తరవాత దాదాపు ముప్ఫయ్యేళ్ళు ఆ జట్టు వరసగా రెండు ఆటలు ఓడలేదు. ఓడితే ఓడింది, ఆ మర్నాడో మూడోనాడో లేచి తరవాతి ఆట గెలిచింది. ఇలా 1,083 ఆటలు! 2023 ఫిబ్రవరిలో సౌత్ కారొలైనా మీదా, మూడు రోజులకే మార్కెట్ విశ్వవిద్యాలయం మీదా ఓడేసరికి ఆ వరస తెగింది. ఆ ఏడు వాళ్ళ మేటి ఆటకత్తె పేజ్ బెకర్స్ మోకాలి దెబ్బతో ఒక్క ఆటా ఆడలేకపోయింది. ఆ రోజు ఓడిన పిల్లలెవరూ 1993 నాటికి పుట్టనైనా లేదు. తాము పుట్టక ముందునుంచీ నడుస్తున్న వరస తమ చేతిలో తెగితే ఎలా ఉంటుందో ఊహించండి!

ఇంతవరకూ చదివి, 111 కంటే పెద్దది లేదని మీరు అనుకుంటూ ఉండవచ్చు. ఉంది.

టెక్సస్‌లోనే ప్లెయిన్‌వ్యూ అనే ఊళ్ళో వేలాండ్ బాప్టిస్ట్ కళాశాల ఉన్నది. అక్కడి ఆడపిల్లల జట్టు 1953 నుంచి 1958 దాకా వరసగా 131 ఆటలు గెలిచింది. ఆ ఊళ్ళో క్లాడ్ హచర్‌సన్ అనే ఆయనకు చిన్న విమానాల వ్యాపారం ఉండేది. ఆయన ఆ కళాశాలలో చదువుకున్నవాడే. దూరపు ఊళ్ళలో ఆటలున్నప్పుడు ఈ పిల్లలను తన బొనాంజా విమానాల్లో ఎక్కించి తీసుకుపోయేవాడు. అందుచేత వాళ్ళకు "ఎగిరే రాణులు" అని పేరు వచ్చింది. మగపిల్లల జట్లు బస్సుల్లో కుదుపులు తింటూ ప్రయాణాలు చేసే రోజుల్లో ఈ అమ్మాయిలు ఆకాశమార్గాన వచ్చి దిగుతుంటే జనం ఎలా నోళ్ళు తెరిచి ఉంటారో!

వాళ్ళు ఆడినది కళాశాలలతోనే కాదు. పెద్ద పెద్ద కంపెనీల జట్లతో కూడా. 1954 నుంచి 1957 దాకా నాలుగుసార్లు వరసగా జాతీయ బిరుదు గెలిచారు. చివరకు 1958 సెమీఫైనల్లో నాష్‌విల్ బిజినెస్ కాలేజీ జట్టు వాళ్ళను ఓడించింది.

మరి 131 పెద్దదా, 111 పెద్దదా? బడికి వెళ్ళే పిల్లలెవరైనా చెప్పగలరు. కాని జాతీయ కళాశాలల క్రీడా సంఘం వారి పుస్తకం తెరిస్తే 111 ఉంటుంది, 131 ఉండదు. ఎందుకంటే ఆ సంఘం ఆడపిల్లలకు బాస్కెట్‌బాల్ పోటీ పెట్టటమే 1982లో మొదలుపెట్టింది. ఎగిరే రాణులు ఆడిన రోజుల్లో ఆ సంఘం దృష్టిలో ఆడపిల్లల ఆట అనేదే లేదు.

ఆట కూడా వేరుగా ఉండేది. బాస్కెట్‌బాల్‌ను 1891లో స్ప్రింగ్‌ఫీల్డ్ అనే ఊళ్ళో జేమ్స్ నైస్మిత్ కనిపెట్టాడు. మరుసటి ఏడే సెండా బెరెన్‌సన్ అనే ఉపాధ్యాయిని దాన్ని స్మిత్ కళాశాలలో ఆడపిల్లలకు నేర్పింది. పరుగెత్తితే పిల్లలు అలసిపోతారని జనం గోల పెడతారు గనక, ఆవిడ మైదానాన్ని మూడు భాగాలు చేసి, ఎవరి భాగంలో వాళ్ళే ఉండాలని నియమం పెట్టింది. 1896లో స్టాన్‌ఫర్డ్, కాలిఫోర్నియా జట్ల మధ్య రెండు విశ్వవిద్యాలయాల ఆడపిల్లలు మొదటిసారి తలపడ్డారు. చూడటానికి మగవాళ్ళను రానివ్వలేదు. స్కోరు ఎంతనుకున్నారు? 2-1! ఎగిరే రాణుల కాలానికి కూడా జట్టుకు ఆరుగురు. ముగ్గురు ఈ సగంలో, ముగ్గురు ఆ సగంలో. గీత దాటరాదు. బంతిని నేలకు కొడుతూ పోవటానికి కూడా హద్దు ఉండేది. 1971 దాకా కళాశాల అమ్మాయిలకు మైదానం అంతా తమది కాలేదు.

కనక ఈ రెండు అంకెలనూ ఒకే త్రాసులో వెయ్యటం కష్టం. ఇది అయిదుగురి ఆట, అది ఆరుగురి ఆట. నన్ను అడిగితే మాత్రం, పుస్తకంలో పేరు ఎక్కదని తెలిసీ గెలిచినవాళ్ళ గెలుపు ఒక పిసరు బరువెక్కువ తూగుతుందంటాను. మీరు ఒప్పుకోనక్కరలేదు.

ఆట పుట్టిన ఆ స్ప్రింగ్‌ఫీల్డ్‌లోనే ఇప్పుడు నైస్మిత్ పేరుతో ఒక కీర్తిమందిరం ఉంది. మహా క్రీడాకారుల పేర్లు అందులో చేరుస్తారు. 2019లో ఆ మందిరం వారు ఎగిరే రాణుల జట్టును మొత్తంగా చేర్చుకున్నారు. 131వ గెలుపు తరవాత అప్పటికి అరవై ఒక్క ఏళ్ళు గడిచాయి. ప్లెయిన్‌వ్యూ మైదానంలో గీత దాటకుండా ఆడిన ఆ ఆడపిల్లల్లో బతికి ఉన్నవారంతా అప్పటికి అమ్మమ్మల, నాయనమ్మల వయసుకు వచ్చారు.