టెర్మినల్‌తో చనువు

వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమన్నప్పుడు నాకు మొదట గుర్తొచ్చింది లైనక్స్. 2015లో నేను డిగ్రీ మొదటి సంవత్సరం విద్యార్థిని. మా స్టడీ రూములో ఎవరో దాత ఇచ్చిన పాత కంప్యూటరు ఉండేది. మెమరీ 512 ఎంబీ. అందులోని విండోస్ ఎక్స్‌పీకి 2014 ఏప్రిల్‌లోనే మైక్రోసాఫ్ట్ మద్దతు ఆగిపోయింది. ‘ముట్టుకుంటే పాడవుతుంది’ అనేవారు. మనలాంటి ఇళ్ల నుంచి వచ్చినవాళ్లకు ఆ మాట ఎక్కడ తగులుతుందో వేరే చెప్పాలా?

ఇంజినీరింగు చదివే సీనియర్ అన్న ఒకరు అందులో లుబుంటు వేశారు. తక్కువ మెమరీతో నడిచే లైనక్స్ అది, పైసా ఖర్చు లేదు. రోజుకొక కమాండు నేర్పారు. నేను నోటుబుక్కులో తెలుగులో రాసుకున్నాను. పీడబ్ల్యూడీ అంటే రోడ్ల శాఖ కాదు, ‘నేనెక్కడున్నాను?’ అని. ఎల్‌ఎస్ అంటే ‘ఇక్కడేమున్నాయి?’. సీడీ అంటే ‘ఆ ఫోల్డరులోకి పద’. దాని తర్వాత రెండు చుక్కలు పెడితే పై ఫోల్డరుకు వస్తాం. సీపీ నకలు తీస్తుంది, ఎంవీ చోటో పేరో మారుస్తుంది. ఆర్‌ఎంతో తీసేసిన ఫైలు చెత్తబుట్టలో కూడా మిగలదు, రెండుసార్లు చూసుకుని ఎంటర్ నొక్కాలి. ఏది మరిచినా మ్యాన్ అని కొట్టి కమాండు పేరు రాస్తే వివరమంతా వస్తుంది. ఇంగ్లీషు మాట్లాడాలంటే నోరు పెగలని మాకు రెండక్షరాలకే మిషను జవాబివ్వడం ఎంతో ధైర్యమిచ్చింది.

ఒకే తెరను ఐదారుగురం చూడాలి గనుక అక్షరాల సైజు పెంచాం. వాల్‌పేపరు కోసం తగాదా రాకుండా ఎవరి యూజరు పేరు వారికి పెట్టుకున్నాం. ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు జోడించగానే ఒక తమ్ముడు తెలుగులో మొదట కొట్టింది వాళ్ల ఊరి పేరు.

ఎల్‌ఎస్ తర్వాత హైఫన్, ఎల్ పెడితే ఒక్కో ఫైలును చదివే, రాసే, నడిపే హక్కు ఎవరికుందో కనిపిస్తుంది. మన ఫైలైతే సీహెచ్‌మోడ్‌తో ఆ హక్కులు మనమే మార్చవచ్చు. అది నేర్చుకున్న రాత్రి నాకు చాలాసేపు నిద్రపట్టలేదు.

1991లో లైనక్స్ మొదలుపెట్టిన లైనస్ టోర్వాల్డ్స్ అప్పటికి ఫిన్లాండులో ఒక విద్యార్థే. తమ్ముళ్లూ! ఆ కమాండ్లు నేటికీ అవే. రోజుకొకటి నేర్చుకోండి, పక్కవాడికొకటి నేర్పండి.