సముద్రము దాటు చిఱుడేగలు

మన దేశమునకు ఈశాన్యమూలనున్న నాగాలాండు రాష్ట్రమున, వోఖా జిల్లాలో, కొండకొమ్మున పంగ్టి యను గ్రామమొకటి కలదు. అందు నివసించువారు లోథా నాగాలు. దిగువను దోయాంగ్ నది పాఱుచున్నది. విద్యుచ్ఛక్తికై ఆ నది కానకట్ట కట్టగా, 2000 సంవత్సరము నాటికి కొండల నడుమ విశాలమగు జలాశయ మేర్పడినది. తక్కిన దినములలో పంగ్టికిని చుట్టుపట్లనున్న కొండయూళ్లకును భేదమేమియు లేదు. స్త్రీలు వెదురుబుట్టలను వీపున మోయుచు, వాని పట్టెను నొసటికి తగిలించుకొని, పొలములనుండి మెట్టదారుల నెక్కివత్తురు. వంటయిండ్లనుండి వెదురుమొలకలు ఉడుకుచున్న పులుసువాసన వచ్చుచుండును. అక్టోబరు మాసము సగము గడచినతోడనే అచటి యాకాశము మాఱిపోవును.

మొదట పదులు, పిమ్మట వందలు, తరువాత లెక్క పెట్టుటకు వీలులేనన్ని పక్షులు ఉత్తరదిక్కునుండి వచ్చి దిగును. సాయంకాలమున అవి జలాశయపు టొడ్డుననున్న చెట్లపై వ్రాలునప్పుడు కొమ్మలలో ఆకు కనబడదు. ఇవి అమూర్ డేగలు. రష్యా చీనా దేశముల సరిహద్దున ప్రవహించు అమూర్ నది పేరే వీనికి వచ్చినది. వేటాడు డేగను మన పూర్వులు సాళువమనిరి. విజయనగరము నేలిన సాళువ నరసింహరాయల వంశనామము ఆ పక్షిపేరే యని చెప్పుదురు. కాని రాజుల ముంజేతిపై కూర్చుండిన ఆ సాళువమును దలచుకొని ఈ పక్షిని చూడబోయినచో ఆశాభంగము కలుగును. ఇది పావురమంత పక్షి. బరువు నూటయేబది గ్రాముల ప్రాంతము, అనగా మన యింటి సోలెడు బియ్యమంతయు తూగదు. మగదాని మేను బూడిదవర్ణము, కాళ్లు కెంపువన్నె. ఆడుదాని ఱొమ్ము తెల్లన, దానిపై నల్లని చాఱలు.

ఇంత చిన్న ప్రాణి యేటేట చేయు యాత్ర సుమారు 22,000 కిలోమీటర్లు. సైబీరియా ఆగ్నేయభాగమునను, మంగోలియాలోను, ఉత్తర చీనాలోను వేసవియందు ఇవి పిల్లలను పెంచును. గూడు కట్టుకొను శ్రమ వీనికి లేదు. కాకిజాతి పక్షులు విడిచిపోయిన పాతగూటిలో మూడు నాలుగు గ్రుడ్లు పెట్టి, ఆలుమగలు రెండును వంతులవారీగా పొదుగును. ఇది మన కోయిల చేయు మోసము వంటిది కాదు. ఖాళీయింట కాపురము పెట్టుట మాత్రమే. అక్కడ వేసవి కొద్దికాలమే. చలి తలయెత్తగానే పురుగు లంతరించును, ఆకలి మొదలగును. అప్పుడు తల్లులు, తండ్రులు, ఎన్నడును దారి చూచి యెఱుగని ఆ యేటి పిల్లలు, అన్నియు దక్షిణాఫ్రికాకు ప్రయాణము కట్టును.

ఆ దారిలో గొప్ప మజిలీ నాగాలాండు. వాన వెలిసిన సాయంకాలమున మన దీపముల చుట్టు మూగెడి ఉసిళ్లను ఎఱుగని యిల్లాలుండదు. అట్టి ఉసిళ్లు శరత్కాలమున ఆ కొండలలో భూమినుండి పొగవలె లేచును. డేగలు వానిని గాలిలోనే పట్టి తిని, రెండు మూడు వారములలో ఒడలెల్ల క్రొవ్వు పట్టించుకొనును. ఆ క్రొవ్వే ముందున్న యాత్రకు సద్దిమూట. ఏలయన, అటుపై అరేబియా సముద్రము కలదు. మన పడమటి తీరమునుండి సోమాలియా వఱకు 2,500 కిలోమీటర్లకు పైగా నీరే కాని, కాలు మోపుటకు చోటు లేదు. ఈ పక్షులకు నీటిపై తేలుట రాదు. రెక్క యలసినచో మరణమే.

ఇందు ఆలస్యమునకు తావు లేదు. నవంబరులో ఈశాన్యపుగాలి వెనుకనుండి తోడ్పడును. తేలికరెక్కల తూనీగలు సైతము ఆ గాలినే నమ్ముకొని ఆ కాలముననే సముద్రముమీదుగా ఆఫ్రికావైపు పోవునట. డేగలు వానిని త్రోవలో తినుచుండవచ్చునని శాస్త్రజ్ఞుల యూహ. వసంతమున తిరిగి వచ్చునప్పుడును తొందరయే. ఏప్రిల్, మే నెలలలో మరల సముద్రము దాటి, ఉత్తరాన వేసవి ముగియకముందే గూడు చేరవలయును.

ఇట్టి ప్రయాణీకులకు పంగ్టిలో ఒకప్పుడు లభించిన యాతిథ్యము చెప్పుటకు మనసొప్పదు. చెట్ల నడుమ చేపలవలలను ఎత్తుగా కట్టియుంచెడివారు. సందెవేళ వ్రాలుచును, తెల్లవాఱుజామున లేచుచును పక్షులు వానిలో చిక్కుకొనెడివి. ఈకలు పెఱికి, పొగపెట్టి, సంతలకు మోసికొనిపోయెడివారు. 2012 సంవత్సరము అక్టోబరులో ఇది కన్నులార చూచి లోకమునకు తెలిపినవారు, దినమునకు 12,000 మొదలు 14,000 వఱకు పక్షులు చచ్చుచున్నవని అంచనా వేసిరి. ఆ తెలిపినవారిలో బానో హరాలూ అను నాగా స్త్రీ యొకతె. ఆమె వార్తావిలేఖరి, తన వారి తప్పును తానే బయటపెట్టుటకు వెనుదీయలేదు.

పంగ్టివారిని క్రూరులని నిందించుట మనకు సులభము. కాని వారి పల్లపు పొలములను మ్రింగినది ఆ జలాశయమే. పొలము పోయినవారు చేపలు పట్టసాగిరి. ఆ నీటియొడ్డుననే పక్షులు లక్షలుగా దిగసాగినవి. వలలు చేతనే యున్నవి. పక్షుల నమ్మిన సొమ్ము సంసారపు ఖర్చులకును, పిల్లల బడిజీతములకును ఆధారమయ్యెను. ఇల్లు గడపు స్త్రీకి ఆ సొమ్మెంతటిదో వేఱుగ చెప్పనక్కఱలేదు. అట్టిదానిని వదలుకొనుమని అడుగుట పెద్దకోరికయే. ఐనను గ్రామసభలు కూడి వేట మానవలయునని తీర్మానించినవి. పిల్లలు బడులలో ఈ డేగల సంగతి నేర్చుకొని యింటికి పోయి చెప్పిరి. మఱుసటి యేడు, 2013లో, ఒక్క డేగయు వలలో పడలేదని చెప్పిరి. పక్షులు వ్రాలు భూములు గలవారు సంఘముగా నేర్పడి కాపలా కాచిరి. ఒక్క యేటిలో ఇంత మార్పు నేను మఱియెచటను వినలేదు.

ఆ నవంబరుననే శాస్త్రజ్ఞులు మూడు పక్షుల వీపున అయిదేసి గ్రాముల బరువుగల చిన్న యంత్రములను కట్టి విడిచిరి. అవి సూర్యరశ్మితో నడచుచు, ఉపగ్రహముల ద్వారా పక్షి జాడను తెలుపును. వానికి నాగ, పంగ్టి, వోఖా అని పేర్లిడిరి. అవి బంగాళాఖాతముపై నెగిరి, మన ఆంధ్రదేశము మీదుగా దక్కను పీఠభూమిని దాటి పడమటి సముద్రము చేరినవి. అది మనకు కార్తికమాసపు కాలము. మనము ఆకాశదీపములెత్తి, తులసికోటకడ ప్రమిదలు వెలిగించుకొనుచుండగా, ఆ పక్షులు మన మీదుగా పోయినవన్న మాట. ఎవ్వరును తలయెత్తి చూచియుండరు. చూచినను చీకటిలో కనబడవు.

వోఖా నుండి కొంతకాలమునకు వార్త నిలిచిపోయినది. నాగ, పంగ్టి యను రెండును ఆఫ్రికాకు పోయి, మంగోలియాకు మరలి, 2014 శరత్తున తిరిగి నాగాలాండునకు వచ్చినవి. తన యూరిపేరు గల పక్షి భూగోళములో అంతదూరము తిరిగి మరల వచ్చెనని విన్ననాడు పంగ్టి పిల్లల సంతోషమెట్టిదో ఊహించుకొనవచ్చును. అన్నిటికిని ఆ యదృష్టము లేదు. 2018లో మణిపూరునందు యంత్రము కట్టి, ఆ రాష్ట్రము పేరే పెట్టి విడిచిన యొక డేగ, కొలది దినములకే చచ్చిపడియుండగా కనబడినది.

వేట మానినందుకు పంగ్టివారికి దొరకినదేమి యన్న ప్రశ్న మాత్రము ఇంకను మిగిలియున్నది. చూడవచ్చువారికి గదులద్దెకిచ్చి, భోజనము పెట్టి కొన్ని కుటుంబములు కొంత గడించుచున్నవి. అది యేడాదిలో కొన్ని వారముల మాటయే. అదిగాక, పక్షులు ఒక్క యూరికే కట్టుబడియుండవు. లాంగ్‌లెంగ్ జిల్లాలోని యావోంగ్‌యిమ్చెన్‌లోను, మణిపూరులోని తామెంగ్‌లాంగ్ ప్రాంతమునను గుంపులుగా దిగుచున్నవి. పొగడ్తలతో పొయ్యి రాజదు గనుక, పోగలిగినవారు పోయి ఆ యిండ్లలో రెండు దినములుండి, పైకము చెల్లించి వచ్చుట మంచిదని నా యభిప్రాయము.

దిమాపూరు వఱకు రైలు కలదు. అచటినుండి వోఖాకును, వోఖానుండి పంగ్టికిని కొండదారిని బండిలో పోవలయును. ఇతర రాష్ట్రములవారు ఇన్నర్ లైన్ పర్మిట్ అను అనుమతిపత్రమును ముందే పొందవలెను. అక్టోబరు చివరి దినములును, నవంబరు మొదటి దినములును తగిన కాలము. ఉన్నిశాలువ మఱువరాదు. అక్కడ ప్రొద్దు మనకంటె చాల ముందుగా క్రుంకును. నాలుగు గంటలకే జలాశయపు టొడ్డు చేరినచో పక్షులు వ్రాలుట చూడవచ్చును. దీపములు వేయరాదు, బిగ్గఱగా మాటాడరాదు.