ధౌలా కువాన్: మోతలన్నీ ఒక్కసారే

ధౌలా కువాన్ అంటే తెల్ల బావి. ఢిల్లీ రింగు రోడ్డు, జైపూర్ జాతీయ రహదారి కలిసే ఈ కూడలిలో ఇప్పుడు బావిని వెతికేవారు లేరు, బస్సును వెతికేవారే అంతా. సాయంత్రం ఆరింటికి ఫ్లైఓవర్ దగ్గర నిలబడితే గుర్గావ్, మానేసర్, జైపూర్ అంటూ కండక్టర్ల కేకలు, వాటిని మించి హారన్లు, ఆ పైన ఎయిర్‌పోర్ట్ మెట్రో, అన్నిటికీ పైన విమానం రొద. డీజిల్ పొగలో వేరుశనగలు వేయించే వాసన కలుస్తుంది. హెడ్‌లైట్లు కళ్లలో పొడుస్తాయి. వెనక నుంచి ఎవరిదో భుజం తగులుతుంది. అలవాటుపడ్డ ఢిల్లీవాసికి ఇదేమీ పట్టదు. ఇంత గోలలోనూ ఫోన్లో కూతురి పెళ్లి సంబంధం మాట్లాడేయగలడు.

అది అతని గొప్పేం కాదు, మెదడు చలవ. ఇంద్రియాలు మోసుకొచ్చే వాటిలో పనికిరానివాటిని అది అనుక్షణం పక్కకు నెట్టేస్తుంటుంది. కొందరిలో ఆ జల్లెడ సరిగా పనిచేయదు. హారనూ, పొగా, చొక్కా కాలరు గరుకూ, పక్కవాడి మాటా అన్నీ ఒకే జోరుతో లోపలికి దూసుకొస్తాయి. శరీరం ప్రమాదం ముంచుకొచ్చినట్లే స్పందిస్తుంది: గుండె దడ, చెమట, పారిపోవాలన్న ఆత్రం, లేదంటే నోట మాట రాక కొయ్యబారిపోవడం. ఆటిజం ఉన్నవారిలో ఇది ఎక్కువ. అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ 2013లో దీన్ని ఆటిజం నిర్ధారణ లక్షణాల్లో చేర్చింది కూడా. అయితే మైగ్రేన్ బాధితులకూ, తలకు దెబ్బ తగిలినవారికీ, యుద్ధాల వంటి భయానక అనుభవాల నుంచి తేరుకోనివారికీ ఈ అవస్థ తప్పకపోవచ్చు.

బస్టాపులో చెవులు మూసుకుని కూలబడి అరిచే పిల్లవాడిపై జనం ఇచ్చే తీర్పు మాత్రం ఒకటే: గారాబం ఎక్కువైంది. కానీ బొమ్మ కోసం ఏడ్చేవాడు బొమ్మ చేతికొస్తే ఆపుతాడు. ఏడుస్తూనే తల్లి చూస్తోందో లేదో ఓరకంట గమనిస్తాడు. ఇతనికి చాక్లెట్ ఇచ్చినా ఆగదు. కావలసింది ఏదో ఇవ్వడం కాదు, ఉన్నవాటిలో కొన్ని తీసేయడం. ఓదార్పుగా వీపు నిమిరినా అతనికి అది మరో మోతే కావచ్చు.

చట్టానికి ఈ సంగతి సగమే తెలుసు. ఈ కూడలికి చేరువలోనే సైన్యం వారి రీసెర్చ్ అండ్ రెఫరల్ ఆస్పత్రి ఉంది. 1961లో మొదలై, టీటీడీ నిర్వహణలో ఉన్న శ్రీ వెంకటేశ్వర కాలేజీ కూడా ఇక్కడే. తెలుగు కుర్రాళ్లకు ఢిల్లీలో తొలి చిరునామా చాలాసార్లు అదే. ఆస్పత్రులు, విద్యాసంస్థల చుట్టూ 100 మీటర్లను నిశ్శబ్ద మండలంగా చూడాలని 2000 నాటి శబ్దకాలుష్య నిబంధనలు చెప్పాయి. పరిమితి పగలు 50, రాత్రి 40 డెసిబెల్స్. ఇద్దరు మామూలుగా మాట్లాడుకుంటేనే 60 దాకా వస్తుంది! 2017 సవరణతో ప్రభుత్వం ప్రత్యేకంగా ప్రకటిస్తేనే అది నిశ్శబ్ద మండలం అవుతుంది. పోనీ, పరిమితి అమలైనా డెసిబెల్ మీటరు కొలిచేది చప్పుడునే. దానికి వెలుగునూ, వాసననూ, ఒరిపిడినీ కలిపి కూడే మీటరు ఏ ఇన్‌స్పెక్టర్ దగ్గరా లేదు. ఆ లెక్క శరీరమే వేసుకోవాలి. 2016 వికలాంగుల హక్కుల చట్టం ఆటిజాన్ని గుర్తించింది. ఆ గుర్తింపు పత్రం చూసి హారన్ ఆపే డ్రైవరు ఇంకా పుట్టలేదు.

కాబట్టి తెలిసిన ఇళ్లవాళ్లు జాగ్రత్తలు తామే వెతుక్కుంటారు. రద్దీకి గంట ముందే బయల్దేరడం, చెవులకు మఫ్‌లు, కళ్లకు టోపీ నీడ. ధౌలా కువాన్‌లో మరో ఉపాయమూ ఉంది. ఇక్కడి మెట్రో స్టేషన్‌ను దుర్గాబాయ్ దేశ్‌ముఖ్ సౌత్ క్యాంపస్ స్టేషన్‌తో కలుపుతూ 2019లో తెరిచిన, దాదాపు 1.2 కిలోమీటర్ల పైకప్పున్న నడక వంతెన. రాజమండ్రి ఆడపడుచు పేరున్న స్టేషన్ వైపు సాగే ఈ దారిలో హారన్లు కాస్త కిందికి జారతాయి. కదిలే బాటపై నిలబడి, చెవుల మీంచి చేతులు తీసి, ఊపిరి పీల్చుకునే వ్యవధి దొరుకుతుంది. ఆ చివర మెట్లు దిగితే మళ్లీ రింగు రోడ్డే.