ఇంగ్లిష్ చెప్పడానికొచ్చి మదనపల్లెలో ఉండిపోయాడు

వియత్నాంలో ఇంగ్లిష్ చెప్పే ఉద్యోగం వచ్చింది. కోడింగ్ వదిలేసి వెళ్తానంటే అమ్మ ముఖం మాడ్చుకుంది. "ఇంగిలీసు చెప్పేదానికి అంత దూరం పోవాల్నా నాయనా?"

మర్నాడు తిరుపతిలో మదనపల్లె బస్సెక్కేశాను. ఫిబ్రవరి చివర. భాకరాపేట ఘాట్ దాటాక మామిడి తోటలన్నీ పూత మీదున్నాయి. కిటికీ సీటు దొరికితే చాలు, ఏసీ బస్సు వద్దు.

వెళ్లింది బీటీ కాలేజీ చూడ్డానికి. అనీబిసెంట్ 1915లో పెట్టింది. ఐర్లాండ్ కవి జేమ్స్ కజిన్స్ ఇక్కడే ఇంగ్లిష్ చెప్పాడు. 1919 ఫిబ్రవరిలో టాగూర్ వచ్చి ఇక్కడే 'జనగణమన' పాడారు. ఆయన దాన్ని ఇంగ్లిష్‌లోకి మార్చిందీ, కజిన్స్ భార్య మార్గరెట్ స్వరాలు రాసిందీ ఈ ఊళ్లోనే. తిరుపతిలో చదువుకున్నా, స్కూల్లో మాకెవరూ ఈ సంగతి చెప్పలేదు!

అయితే నాకు గుచ్చుకున్నది వేరే. 1956లో కజిన్స్ చనిపోయింది కూడా మదనపల్లెలోనే. ఐర్లాండ్‌లో కాదు.

గేటు దగ్గరుండగానే అమ్మ ఫోన్.

"ఎప్పుడొస్తావు?"

"రాత్రికి."

"సంగటి చేసి పెడతా."

వియత్నాం మాట ఆమె ఎత్తలేదు. కజిన్స్ సంగతి నేనూ చెప్పలేదు.