బ్రౌజర్లో ఫాక్స్‌ప్రో, మామయ్య తగ్గింపు

మొన్నొక రాత్రి గురజాల నుంచి బావ ఫోను. "ఒకాయనొచ్చాడురా. వాళ్ళ నాయన 2006లో మన కొట్టో అరువుకి పురుగుమందు తీసుకెళ్ళాడంట, కట్టేస్తానంటున్నాడు. ఎంతో చూడు." మామయ్య పోయి ఏడాది దాటింది. పుస్తకాలు చెదలు తినేశాయి. మిగిలింది నేను 1997లో, నరసరావుపేటలో చదువుకునే రోజుల్లో, ఫాక్స్‌ప్రోలో రాసిచ్చిన ఖాతాల ప్రోగ్రాం. కంప్యూటర్ మూలబడినప్పుడు దాని హార్డ్‌డిస్క్ కాపీ ఒకటి నా దగ్గర దాచుకున్నాలెండి.

డీబీఎఫ్ ఫైళ్ళని లిబ్రాఫీస్ ఇప్పటికీ తెరుస్తుంది. కానీ అందులో అసలే ఉంది, వడ్డీ లేదు. వడ్డీ నా ప్రోగ్రాం అప్పటికప్పుడు లెక్కకట్టేది. సోర్సు ఏనాడో పోగొట్టుకున్నా. డాస్ ప్రోగ్రాములేమో 64 బిట్ విండోస్‌లో నడవవు. డాస్‌బాక్స్ ఉందిగా అంటారేమో, అది ఎలా పెట్టుకోవాలో బావకి ఫోన్లో చెప్పడం నా వల్లయ్యే పని కాదు!

అందుకని వీ86 పట్టుకున్నా. బ్రౌజర్లోనే ఒక పాత పీసీని నిలబెడుతుందిది. డిస్క్ ఇమేజ్ ఎంచుకుంటే చాలు, దాన్ని ఏ సర్వరుకీ ఎక్కించక్కర్లేదు. లోపల జరిగేది చూస్తే నవ్వొస్తుంది. ఫాక్స్‌ప్రో మన ప్రోగ్రాంని మెషీన్ కోడ్‌గా మార్చదు, పీ-కోడ్ అనే ఒకరకం బైట్‌కోడ్‌గా మార్చి, తనే చదువుతూ నడిపిస్తుంది. ఆ ఫాక్స్‌ప్రోకి ఇదే ప్రాసెసర్ అని వీ86 నమ్మబలుకుతుంది. అది మళ్ళీ ఎక్స్86 ఆదేశాల్ని వెబ్‌అసెంబ్లీ అనే ఇంకో బైట్‌కోడ్‌గా మారిస్తే, బ్రౌజర్ దాన్ని అసలు ప్రాసెసర్ భాషలోకి తెస్తుంది. ఇన్ని చేతులు మారినా మామయ్య 486 కంటే నెమ్మదిగా ఏమీ అనిపించలేదు.

బావకి లింకూ ఫైలూ పంపి, ఇద్దరం చెరోచోట తెరిచాం. నీలం తెర, నా మెనూ, అక్షర దోషాలతో సహా! ఆయన ఖాతా దొరికింది. అసలు 6,400.

అక్కడితో ఆగిపోవాల్సింది. కానీ పక్కన 'తగ్గింపు' అనే గడి నన్ను ఆపింది. ప్రతి ఖాతాలోనూ ఏదో ఒక అంకె. 37, 149, 82... బేరమాడితే ఇచ్చినవైతే గుండు అంకెలుండాలి కదా? ఒకటి పట్టుకుని చూశా. 2004 జూన్ 30న 8,000 అరువు, జూలై 2న జమ. నూటికి రెండు రూపాయల వడ్డీ. నా ప్రోగ్రాం 160 చూపించింది. రెండు రోజులకి నెల వడ్డీ! జూలైలోంచి జూన్ తీసేసి ఒక నెల అనుకున్నాను, రోజులు చూళ్ళేదు. (వైటూకే భయంతో 1999లో తేదీలన్నీ తిరగరాశా, అప్పుడూ ఇది కనపళ్ళేదు.) రోజుల లెక్కన పదకొండు రూపాయలే. తగ్గింపు 149.

ఇంకో పది చూశా. అన్నీ అంతే. మిర్చి డబ్బులొచ్చి రైతు కట్టేటప్పుడు, మామయ్య పక్కన కాగితం మీద వేసుకుని, నా ప్రోగ్రాం ఎక్కువేసిన దాన్ని చేత్తో కొట్టేశాడన్నమాట. ఆ కంప్యూటర్ ఆగిపోయేదాకా, పదేళ్ళకి పైగా. నేను వెళ్ళినప్పుడల్లా "నువ్వు రాసిందే వాడుతున్నాంరా" అని వచ్చినవాళ్ళకి చూపించేవాడు. తప్పుందని ఒక్కసారి కూడా అన్లేదు.

బావకి చెప్పా. కాసేపు మాట్లాడలేదు.

"ఈయనకి వడ్డీ ఎంత చూపిస్తంది?"

చెప్పాను. అసలు కంటే నాలుగింతలుంది.

"తగ్గింపులో అదంతా కొట్టెయ్యొచ్చా?"

"కొట్టొచ్చు బావా. కానీ సేవ్ చేసుకోకుండా ఆ ట్యాబ్ మూస్తే పోద్ది."

"పోనీలే" అన్నాడు. అవతల ఒక్కో వేలితో అంకెలు కొడుతున్న చప్పుడు వినిపించింది.